తిరిగి రాని చీటీ

ఫిబ్రవరి 3, మంగళవారం

మంచు ఏడు అంగుళాలు. ఉదయం ఆరింటికి సున్నాకు తొమ్మిది డిగ్రీలు కింద. మెట్లు నేనే ఊడ్చాను.

ఇది ఆఫీసు నీలం పుస్తకం కాదు. అందులో రౌటర్ల మీద చేసిన మార్పులు తప్ప మరేమీ రాయకూడదని నియమం పెట్టింది నేనే. ఇవాళ రాయాల్సింది అందులో పట్టదు.

నిన్న మధ్యాహ్నం రైనో లాహ్టి భార్య వెర్నా పోస్టాఫీసు ముందు గడ్డకట్టిన మంచు మీద జారిపడింది. మన క్లినిక్‌లో ఎక్స్‌రే తీసింది మా మనవరాలు కైసా. తుంటి ఎముక. ఆ బొమ్మ నగరం ఆసుపత్రి డాక్టరుకు వెళ్లాలి. వెళ్లలేదు. కైసా ఐదుసార్లు పంపింది. ఐదుసార్లూ నూటికి మూడు పాళ్లు వెళ్లి ఆగిపోయింది. గంటా నలభై నిమిషాలు చూసి, వెర్నాను అంబులెన్సు ఎక్కించారు. మంచులో తొంభై నాలుగు మైళ్లు. బొమ్మ ముందే అంది ఉంటే ఆపరేషన్ గది సిద్ధంగా ఉండేదట. లేకపోయేసరికి అక్కడ మరో నాలుగు గంటలు పడుకోబెట్టారు.

రైనో మా టెలిఫోన్ సహకార సంఘం అధ్యక్షుడు. పొద్దున ఎనిమిదింటికే ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"హిల్మా, ఆ క్లిఫ్ గాడు శనివారం క్లినిక్ లైను కొత్త దారికి మార్చాడు. సోమవారం నా పెళ్లాం మూలుగుతూ నగరం పోయింది. పన్నెండో తారీకు బోర్డు మీటింగు. వాడు చేసిన తప్పేంటో నువ్వు రాసియ్యి, చాలు. వాణ్ణి ఇంటికి పంపే పని మాది."

"తప్పు ఎవరిదో తేలాక రాస్తాను."

"తేలడానికేముంది? శనివారం దాకా పనిచేసింది, ఆ తర్వాత చెయ్యలేదు. మధ్యలో చెయ్యి పెట్టింది వాడొక్కడేగా?"

నేను పదవి వదిలి మూడేళ్లయింది. మంగళ, గురువారాలు మాత్రం వెళ్తాను. ఊరి లైన్లన్నీ క్లిఫ్ పాస్కో చేతిలో ఉన్నాయి. క్లినిక్ ముందున్న గేటు రౌటర్ ఒక్కటే ఇంకా నా దగ్గర. దాని తాళంమాట నాకు తప్ప ఎవరికీ తెలియదు. క్లిఫ్‌కు యాభై రెండేళ్లు. నా కింద పందొమ్మిదేళ్లు పనిచేశాడు. ఈ పని పోతే ఈ చుట్టుపక్కల అతనికి మరో పని లేదు.

రాసిస్తానన్నాను.

ఫిబ్రవరి 4, బుధవారం

మంచు రెండు అంగుళాలు. సున్నాకు పద్నాలుగు కింద.

క్లినిక్‌కు వెళ్లాను. కైసా నా కోటు తగిలిస్తూనే మొదలుపెట్టింది.

"ముమ్ము, పేషెంటు పేరు వెళ్తుంది, వయసు వెళ్తుంది, డాక్టరుకి నేను రాసే రెండు ముక్కలూ వెళ్తాయి. బొమ్మ మాత్రం వెళ్లదు. నేను పంపానంటాను, వాళ్లు రాలేదంటారు. ఇద్దరం నిజమే చెప్తున్నాం, ఇద్దరం అరుచుకుంటున్నాం."

"అరవకు. కుర్చీ ఇవ్వు."

కైసా కంప్యూటరు నుంచి ఆసుపత్రి వైపు 'ఉన్నావా' అని అడిగే పింగ్‌లు వంద పంపాను. వందా తిరిగి వచ్చాయి. లైను బతికే ఉంది. ఈసారి దారిలో ఎవరూ ముక్కలు చేయకూడదన్న గుర్తు పెట్టి, సైజు పెంచుతూ పంపాను. 1472 రాలేదు. 1460 రాలేదు. 1450 రాలేదు. 1449 రాలేదు. 1448 వచ్చింది. మూడుసార్లు చూశాను. 1448 వస్తుంది, ఒక్క బైటు పెరిగితే నిశ్శబ్దం.

క్లిఫ్ శనివారం వేసిన కొత్త దారి, అంటే టన్నెల్, ప్రతి ప్యాకెట్‌కూ పైన ఒక తొడుగు వేస్తుంది. ఆ తొడుగు 24 బైట్లు. లైనులో పట్టే 1500లో అవి పోతే 1476. పింగ్ తలకట్టు 28 తీసేస్తే 1448. లెక్క సరిపోయింది. లెక్క సరిపోతే నాకు ఆకలి వేస్తుంది. కైసా తెచ్చుకున్న మాంసం పాస్టీలో సగం తిన్నాను. దాని మీద టమాటా సాస్ పోసుకుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు.

చిన్నవి వెళ్తాయి, పెద్దవి వెళ్లవు. క్లిఫ్ టన్నెల్ వేశాడు, సైజు సంగతి చూసుకోలేదు. అంతే.

ఫిబ్రవరి 5, గురువారం

గేటు చూడాల్సిన పని లేదు. అది పన్నెండేళ్లుగా మారలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మంచు లేదు. సున్నాకు మూడు పైన.

నా రోజు కాకపోయినా ఆఫీసుకు వెళ్లాను. క్లిఫ్ రౌటర్‌లో రాసిన వరుసలన్నీ కాగితం మీద తీయించి ఎర్ర పెన్సిలుతో చదివాను. నేను అనుకున్నదే. రెండు యంత్రాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కో ముక్క, అంటే సెగ్మెంట్, ఎంత పెద్దదిగా పంపుకోవాలో ఒప్పుకుంటాయి. మధ్యలో ఉన్న రౌటర్ ఆ అంకెను తగ్గించి కట్టగలదు. టన్నెల్ ఉన్నచోట 1436 అని కట్టేస్తే గొడవ ఉండదు. ఒక్క వరుస రాస్తే చాలు. క్లిఫ్ రాయలేదు.

"క్లిఫ్, సెగ్మెంట్ సైజు ఎందుకు కట్టలేదు?"

అతను బల్ల మీది కాఫీ కప్పు పక్కకు జరిపాడు. "కట్టాల్సిన అవసరం రాకూడదు కదండీ, మిసెస్ కంగస్. దారిలో ఎంత పడుతుందో పంపేవాడే కనుక్కుంటాడు. పెద్దది వస్తే నా రౌటర్ దాన్ని ఆపి, 'ఇది పట్టదు, 1476కి తగ్గించు' అని వెనక్కి చీటీ పంపుతుంది."

"పంపుతోందా?"

"శనివారం నుంచి నలభై ఒక్క వేల రెండు వందల చీటీలు పంపింది. ఇదిగో లెక్క."

"మరి క్లినిక్‌కి ఒక్కటీ అందదేం?"

క్లిఫ్ నావైపు కాసేపు చూశాడు. "అది నన్నడుగుతున్నారా మీరు?"

"ఎదురుప్రశ్నలొద్దు. 1436 కట్టు."

కట్టాడు. పదకొండు నిమిషాలకు కైసా ఫోన్ చేసింది. ఒక ముసలాయన ఛాతీ బొమ్మ తొమ్మిది సెకన్లలో వెళ్లిందట. నీలం పుస్తకంలో వేళతో సహా రాశాను. చేసినవారు క్లిఫ్ పాస్కో, చేయించినవారు హెచ్. కంగస్.

క్లిఫ్ నాకంటే ముందే లేచాడు. తలుపు దగ్గర నా కోటు పట్టుకుని నిలబడ్డాడు, నేను చేతులు దూర్చేదాకా.

ఫిబ్రవరి 7, శనివారం

ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి రాజేశాను. కైసా వచ్చింది. రాళ్ల మీద నీళ్లు పోస్తూ అడిగింది.

"క్లిఫ్‌ని నిజంగా తీసేస్తారా?"

"బోర్డు చూసుకుంటుంది."

"బోర్డుకి ఏం తెలుసు? నువ్వేం రాస్తే అదే వాళ్లకి తెలుస్తుంది."

"నేను జరిగింది రాస్తాను."

"నువ్వెప్పుడూ జరిగిందే రాస్తావులే ముమ్ము. అందుకేగా అందరికీ భయం."

నీళ్లు ఎక్కువ పోసింది. ఆవిరికి కళ్లు మండాయి. బయటికొచ్చి మంచులో నిలబడ్డాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

మంచు నాలుగు అంగుళాలు. చర్చి అయ్యాక కింది హాల్లో కాఫీ. రైనో పుల్లా రొట్టె చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. వెర్నా లేచి రెండు అడుగులు వేసిందట.

"ఒక్క వరుస రాయడం మర్చిపోయాడటగా? కైసా చెప్పింది."

"మరిచాడని కాదు. అవసరం లేదనుకున్నాడు."

"నాకర్థమయ్యేలా చెప్పు."

రైనో నలభై ఏళ్లు దుంగల లారీ నడిపాడు. అందుకని అతని దారిలోనే చెప్పాను. లారీ బయల్దేరింది. దారిలో కొత్తగా ఒక వంతెన కట్టారు, పాతదానికంటే తక్కువ ఎత్తు. లోడు దాని కింద పట్టదు. దుంగలు కోసి పంపే అధికారం వంతెన కాపరికి లేదు. లోడు అక్కడే పడేసి, 'ఇంతకంటే ఎత్తు కట్టొద్దు' అని మిల్లుకు చీటీ పంపుతాడు. మిల్లు వాళ్లు తగ్గించి మళ్లీ పంపుతారు. చీటీ అందకపోతే వాళ్లకు ఏమీ తెలియదు. అదే ఎత్తున కట్టి పంపుతూనే ఉంటారు, అవి పోతూనే ఉంటాయి. శుక్రవారం నేను చేయించింది ఏమిటంటే, మిల్లు గుమ్మంలోనే ఎత్తు తగ్గించి కట్టమనడం.

రైనో నమలడం ఆపాడు.

"అంటే క్లిఫ్ కాపరి చీటీలు పంపుతూనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మరి వాటిని మధ్యలో చింపేస్తున్నదెవడు?"

ఇంకా చూడలేదన్నాను.

"నువ్వు చూడకుండా ఉండవే," అన్నాడు రైనో.

ఫిబ్రవరి 9, సోమవారం

నివేదిక మొదలుపెట్టాను. "క్లిఫ్ పాస్కో టన్నెల్ వేసినప్పుడు సెగ్మెంట్ సైజు కట్టలేదు. కట్టిన పదకొండు నిమిషాలకు బొమ్మలు వెళ్లాయి." ప్రతి మాటా నిజం. ఎవరు పరీక్షించినా నిలుస్తుంది.

నాలుగుసార్లు శుభ్రంగా తిరగరాశాను. తిరగరాయాల్సిన తప్పులేమీ లేవు.

గేటు సంగతి రేపు.

ఫిబ్రవరి 10, మంగళవారం

మంచు కొలవలేదు.

తొమ్మిదింటికి గేటు రౌటర్ తెరిచాను. వడపోత జాబితాలో పన్నెండు వరుసలున్నాయి. తొమ్మిదో వరుస పింగ్‌ను లోపలికి వదులుతుంది. పదోది దాని జవాబును వదులుతుంది. పదకొండోది ఆ జాతికి చెందిన మిగతా కబుర్లన్నిటినీ, ఏదైనా సరే, చప్పుడు లేకుండా పారేస్తుంది. 'పట్టదు, తగ్గించు' అనే చీటీ ఆ మిగతా కబుర్లలో ఒకటి.

ఆ వరుస పక్కన అది పారేసినవాటి లెక్క ఉంటుంది. జనవరి 31 నుంచి నలభై ఒక్క వేల రెండు వందల ఆరు.

పింగ్‌ను మాత్రం నేనెందుకు వదిలానంటే, దానితో లైను పరీక్షించుకుంటాను కాబట్టి. నేను అడిగిన ప్రశ్నకు జవాబు రావాలి. మరెవరూ తమంతట తాము నాకేమీ చెప్పకూడదు. గేటును అలా కట్టాను. బుధవారం క్లినిక్‌లో 1449 దగ్గర నిశ్శబ్దం వచ్చింది. అక్కడ నిశ్శబ్దం రాకూడదు, చీటీ రావాలి. అది నాకు అప్పుడే తెలుసు. 1448 అన్న అంకె చూసుకుని పాస్టీ తిన్నాను.

2003 నీలం పుస్తకం తీశాను. ఆగస్టులో బయటి నుంచి దాడి జరిగిన వారం. నా చేతిరాతే. "పింగ్ తప్ప అన్నీ ఆపాను. తాత్కాలికం." ఆ మాట కింద గీత కూడా గీశాను.

అయినా క్లిఫ్ అడిగి ఉండాల్సింది. గేటు దాటి పని చేసేటప్పుడు మార్పు చీటీ రాసి నా పెట్టెలో వేయాలి, అది నియమం. వేయలేదని రుజువు దొరుకుతుందని పెట్టె దించాను.

నవంబరు 18. క్లిఫ్ రాత.

"క్లినిక్‌కు కొత్త టన్నెల్ వేసే ముందు గేటులో 'పట్టదు' చీటీలను లోపలికి వదలాలి. వదలకపోతే ఎక్స్‌రే బొమ్మలు ఆగిపోతాయి."

కింద నా రాత. "చూశాను. హెచ్.కె."

నా పెట్టెలో వేసిన చీటీ మీద నేను "కుదరదు" అని రాస్తే ఆ పని లేదు. "చూశాను" అని రాస్తే అడిగింది చేసేసినట్టే, మళ్లీ వచ్చి అడగకూడదు. 1996లో గోడకు అంటించాను ఆ నియమం. అతను మళ్లీ అడగలేదు.

ఆ రోజు పదకొండు చీటీల మీద సంతకం చేశాను, కాఫీ చల్లారకముందే. ఈ చీటీ నేను చదవలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

మంచు ఆరు అంగుళాలు. సున్నాకు ఇరవై ఒకటి కింద.

ఒకే కాగితం, ఒకే చోటు. నకళ్లు ఉంచుకోకూడదు. ఇదీ నా నియమమే. అంటే ఆ చీటీ ప్రపంచంలో ఒక్కటే. నిన్న నా సంచిలో ఇంటికి వచ్చింది. ఎందుకు తెచ్చానో రాయను.

పొద్దున వంటింటి పొయ్యిలో కట్టెలు వేశాను. చీటీ బల్ల మీద ఉంది. నివేదిక పక్కన ఉంది. నివేదికలో ఒక్క అబద్ధం కూడా లేదు. క్లిఫ్ అడిగానంటాడు. ఎక్కడ అంటారు. నా పెట్టెలో లేకపోతే లేనట్టే. పందొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో అందరూ అలాగే నమ్ముతున్నారు. ఎందుకంటే నేను ఎప్పుడూ తప్పు రాయలేదు.

కైసా డ్యూటీకి వెళ్తూ పాలు ఇవ్వడానికి వచ్చింది. చీటీ చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపు చదివేసింది. నాలుగేళ్ల పిల్లప్పుడు కూడా అంతే, ఏదీ దాచనిచ్చేది కాదు.

"ఇది నవంబరుది."

"అవును."

"చూశావు. మరి చెయ్యలేదేం?"

"చూడలేదు."

"చూశానని రాసుందిగా ముమ్ము?"

నేను పొయ్యి తలుపు మూశాను. కైసా పాల సీసా బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "వెర్నా నా చెయ్యి పట్టుకుని, బొమ్మ వెళ్లిందా, వెళ్లిందా అని అడుగుతూనే ఉంది. వెళ్తోంది, వెళ్తోంది అని చెప్తూనే ఉన్నాను. నాకు లేటవుతోంది. పాలు ఫ్రిజ్‌లో పెట్టు."

ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లి గేటులో ఒక్క వరుస రాశాను. 'పట్టదు' చీటీలను వదలాలని. 11:20. అప్పుడు క్లిఫ్‌కు ఫోన్ చేశాను.

"శుక్రవారం కట్టిన 1436 తీసెయ్యి. క్లినిక్ నుంచి బొమ్మ పంపించి చూడు."

"తీస్తే మళ్లీ ఆగిపోతుందండీ."

"తీసి చూడమన్నాను."

తీశాడు. బొమ్మ పది సెకన్లలో వెళ్లింది. క్లిఫ్ ఊపిరి ఫోన్‌లో వినిపించింది.

"గేటు తెరిచారా?"

"తెరిచాను."

"ఎప్పుడు?"

"ఇవాళ."

"నవంబరులో కాదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. శనివారం లైను మార్చేటప్పుడు కూడా అతను గేటు తెరిచి ఉందనే నమ్మాడు. శుక్రవారం నన్ను అలా చూసినప్పుడు మాత్రం అనుమానం వచ్చి ఉంటుంది. అయినా అడగలేదు. గోడ మీద నియమం ఉంది.

రేపు మీటింగుకు రమ్మని చెప్పి పెట్టేశాను.

మిగతావాళ్ల చీటీలు చదివేదాన్ని. క్లిఫ్‌వి చదవడం మానేసి ఎన్నేళ్లయిందో లెక్క పెట్టుకున్నాను. పదిహేడేళ్ల కిందట, నలుగురి ముందు, నల్లబల్ల మీద నేను వేసిన లెక్క తప్పని క్లిఫ్ చూపించాడు. లెక్క తప్పే.

ఫిబ్రవరి 12, గురువారం

మీటింగు పది గంటలకు. ఏడుగురు. క్లిఫ్ చివరి కుర్చీలో, తెచ్చుకున్న టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, వీడ్కోలుకు వచ్చినట్టు.

పాత నివేదిక చదవలేదు. నిలబడి చీటీ చదివాను. తేదీ చదివాను. కింద ఉన్నది చదివాను. గేటు వరుస 2003లో నేను రాసిందని, నిన్నటిదాకా ఉందని, వెర్నా బొమ్మ పోయింది అక్కడేనని చెప్పాను.

రైనో మొహం ఎర్రబడింది. అయినా నా మీద అరవలేకపోయాడు.

"హిల్మా, చాలా ఏళ్లయింది. పని ఒత్తిడి. మర్చిపోయావు. మర్చిపోయానని రాసుకో, మినిట్స్‌లో అదే రాద్దాం. అందరం మర్చిపోతాం."

"మరిచిపోవాలంటే ముందు చదివి ఉండాలి, రైనో. నేను చదవలేదు. చదివానని సంతకం పెట్టాను. అలా రాయండి."

రాసే ఆవిడ పెన్ను ఎత్తి రైనో వైపు చూసింది. రైనో తల ఊపాడు. క్లిఫ్ పని మీద ఓటు పెట్టలేదు. పెట్టడానికి ఏమీ మిగల్లేదు. గేటు తాళంమాట కవరులో పెట్టి తీసుకెళ్లాను. బల్ల మీదుగా క్లిఫ్ ముందుకు తోశాను. తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

బయట కారు దగ్గర రైనో అన్నాడు. "వెర్నాకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

ఫిబ్రవరి 13, శుక్రవారం

తొంభై నాలుగు మైళ్లు. కైసా నడిపింది. దారిలో రెండుచోట్ల మంచు తీసే బండి వెనక ఆగాం. రెండు గంటల పది నిమిషాలు.

వెర్నాకు మొత్తం చెప్పాను. దిండు సర్దుకుంటూ వింది.

"క్లిఫ్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఎలా ఉన్నారు, ఎంత దూరం నడిచారు అని. తప్పు చేసినవాడు కాబట్టి చేస్తున్నాడు అనుకున్నా," అంది. "నువ్వు రావడం ఇదే మొదలు."

అవునన్నాను.

"కూర్చో. కోటు తీసెయ్యి. నొప్పి ఎంతుందో అడుగుతావా, అడగవా?"

అడిగాను. చాలాసేపు చెప్పింది.

ఫిబ్రవరి 16, సోమవారం

మంచు మూడు అంగుళాలు. సున్నాకు రెండు కింద.

పొద్దున క్లిఫ్ ఫోన్ చేశాడు. "మిసెస్ కంగస్, మీ పెట్టె దించాను. మీరు 'చూశాను' అన్న నా చీటీలు ముప్పై ఏడు ఉన్నాయి. గేటు ఇప్పుడు నాది. ఏది చదివి రాశారో, ఏది చదవకుండా రాశారో నాకు తెలియాలి. రాగలరా?"

"మంగళవారం నా రోజు."

"ఇవాళ రావాలండీ."

వెళ్లాను. గోడ మీద నా నియమాల కాగితం అలాగే ఉంది. అతను తీయలేదు, నేనూ తీయలేదు. పక్కపక్కన కూర్చున్నాం. ఒక్కో చీటీ నా ముందు పెట్టాడు. చదవమన్నాడు, పైకి. చదివాను. గుర్తుందా అని అడిగాడు. లేదన్నవి ఎడమవైపు పెట్టాడు. మధ్యలో ఒకసారి "కాఫీ పెట్టనా?" అన్నాడు. వద్దన్నాను.

మూడింటికి అయిపోయింది. ముప్పై ఏడింటిలో నేను చదివినవి నాలుగు.

ఆ అంకె క్లిఫ్ నీలం పుస్తకంలో తేదీతో రాశాడు. పుస్తకం నావైపు తిప్పి, కింద సంతకం పెట్టమన్నాడు.

చదివి పెట్టాను.